ఖాళీ పాలు

సొహార్‌లో పొద్దున ఆరింటికి
పాల సీసాలతో ముఖ్లేసుర్ దిగుతాడు.
వ్యాను తలుపు తీయగానే ఐసు పొగ,
దాని వెనకే ఉప్పుగాలి, రేవులో ఓడ కూత.
ఇరవై రెండు సీసాలు.
ఆవువి, మేకవి, ఒంటెవి మూడు.
ఒక్కోటీ లెక్కచూసి సంతకం పెడతాను,
గోడ మీద బొగ్గుతో పాలలెక్క గీసే అమ్మలాగే.

పది మిల్లీలీటర్లు. అంతే ద్రావకం. ఓ ఉప్పు పొట్లం.
మూత బిగించి ఊపితే గొట్టం వేడెక్కుతుంది,
అరచేతిలో జ్వరమొచ్చిన పిల్ల నుదురు.
తర్వాత కవ్వం లేని చిలుకుడు,
నిమిషానికి నాలుగువేల చుట్లు.
వెన్న రాదు. అడుగున తెల్లటి ముద్ద, పైన తేట.
ఆ తేటలోనే దాక్కుంటుంది మేం వెతికేది.

ఇక్కడ దాన్ని అవశేషం అంటారు.
మా జమ్మికుంట దిక్కు మందు అంటాం.
పత్తికి కొట్టేది మందు. పిల్లకి పట్టేది మందు.
పొద్దుగూకితే నాన్న తాగేదీ మందే.
ఫలానాయన మందు తాగిండంటే
ఏ మందో
ఏడుపు వినపడేదాకా తెలిసేది కాదు.

విషాన్ని కొలవాలంటే ముందు
విషం లేని పాలు కావాలి.
బ్లాంక్ అంటాం. ఖాళీ పాలు.
మూడు వారాలుగా అవే దొరకట్లేదు.
పొడిపాలలో ఒక చిన్న గుబ్బ,
సూపర్‌మార్కెట్ డబ్బాలో ఒక ముల్లు,
షమ్సా వాళ్ళ మామ తోటలో ఆవు
ఎవరి గడ్డి తిన్నదో దానికే తెలియాలి.
"ఏదో ఒకటి తినకుండా పాలెట్లా వస్తాయి?"
టీ గదిలో ఖర్జూరపు గింజ అరచేతిలోకి ఊసి
అరబ్బీ కలిసిన హిందీలో అంటుంది షమ్సా.

ఆ మధ్యాహ్నం నమాజు గదికి గడియ పెట్టి
పిండుకున్న నా పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి,
ఇంటికి పోవలసినవి. పాపకి నాలుగో నెల.
ఎందుకలా చేశానో అడగకండి.
పది మిల్లీలీటర్లు తీశాను.
చేతి అలవాటు,
సీసా మీద నంబరు కూడా రాశాను: ఇరవై మూడు.

యంత్రం నింపాదిగా గీసింది.
పదో నిమిషం. పన్నెండు. పదిహేను. ఏమీ లేదు.
లేచి వెళ్ళి కప్పు కడుక్కొచ్చాను.
పద్దెనిమిదో నిమిషంలో
గీత తలెత్తింది.

డి.డి.ఇ.
పత్తి చేనుది కాదు. నాన్నది కాదు.
ఆదివారం ఎండలో కూర్చోబెట్టి
పేలు చావాలని నానమ్మ నా తలకి రుద్దిన తెల్లపొడి,
మలేరియావాళ్ళు గోడలకి కొట్టి పోగా
అడిగి మిగుల్చుకున్నది, ఉప్పు డబ్బా పక్కన దాచినది.
తలకి గుడ్డ చుడుతూ
"కండ్లు మూస్కో బిడ్డా" అన్నది.
మూసుకున్నాను.
ఇరవై అయిదేళ్ళు నా కొవ్వులో ఏ మూలనో కూర్చుని
టిక్కెట్టు లేకుండా సముద్రం దాటి
పాలు పడగానే లేచింది.

పరిమితుల పట్టికలో ఆవు ఉంది, మేక ఉంది, ఒంటె ఉంది.
నా వరస లేదు.
వంద కోట్లలో ఇన్ని వంతులని తేలింది గానీ
ఎక్కువో తక్కువో చెప్పే గడి లేదు.
కాగితం తీయలేదు. చెరిపేయనూ లేదు.
ఫైలుకి పేరేంటని యంత్రం అడిగితే
కొమురవ్వ అని కొట్టాను.

రాత్రి పాప తాగుతోంది.
ప్రతి గుటకకీ చెవి వెనక చర్మం కదులుతోంది.
నెత్తిన ఇంకా జుట్టు సరిగా రాలేదు,
పేలకి ఇంకా చాలా టైముంది.
వంటింట్లోంచి సీసా పట్టుకుని మా ఆయన:
"ఈ ఇరవై మూడేంటి?"
కడిగెయ్ అన్నాను.
"కడిగాను, పోవట్లేదు."
పాపని రెండో వైపుకి మార్చుకున్నాను.