తేడా కనపడలేదు

అరండల్‌పేట నాలుగో లైన్లో
మెట్ల కింద డీటీపీ సెంటరు.
మస్తాన్‌వలీ గారి వేళ్లు కీబోర్డు మీద ఆగాయి.
"పరిశోధన అన్నావు, బానే ఉంది.
ఎందులో పడింది?
పత్రిక పేరు చెప్పమ్మా, కొట్టేస్తా."

ఎందులోనూ పడలేదండీ.
నల్లపాడు అవతల బాజీ గారి మిరప చేలో
పదకొండు వారాలు, వారానికో పొద్దు,
మంచు ఆరకముందే పూలు దులిపిన మాట మాత్రం నిజం.
తెల్ల కాయితం మీద పువ్వు బోర్లించి తడితే
నల్ల తామర పురుగులు,
కామా అంత, కామా కన్నా సన్నం.
పాకి పోయేలోపు లెక్కపెట్టాలి.
నలభై మొక్కలు, మొక్కకి మూడు పూలు.
సగం మొక్కల పక్కన నీలి జిగురు అట్టలు,
సగం ఉత్తవి.
ఏడో వారం వాన పడి లెక్క తడిసింది.
ఆ పేజీని ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టాను.

చివరికి తేలిందేమిటంటే
తేడా కనపడలేదు.
అట్టలున్న చోటా అంతే, లేని చోటా అంతే.
ఇందుమతి మేడం రెండుసార్లు కూడిక చూసి
కళ్లజోడు తుడుచుకుని
"ఇదీ ఫలితమేనే కెజియా, రాసిపెట్టుకో" అన్నారు.
రాసిపెట్టుకున్నాను.
పంపుదాం పంపుదాం అనుకుంటుండగానే
జూన్‌లో ఆవిడకి టెక్కలి ట్రాన్స్‌ఫరు.
డ్రాఫ్టు ఆవిడ పెన్‌డ్రైవ్‌లో,
నోటు పుస్తకం నా సంచీలో.

"ప్రచురణలో ఉంది అని కొడతా" అన్నాడాయన.
"అందరూ అదే కొట్టిస్తారు.
ఎవరొచ్చి చూస్తారు?"
అంటూనే కొట్టేశాడు.
తెర మీద ఆ మాట
మడత నలగని చొక్కాలా నిలబడింది.
బాగుంది.
నిజం చెప్పొద్దూ, ఒక నిమిషం చాలా బాగుంది.

ఆ నిమిషంలో
కోల్డ్ స్టోరేజీలో ముచ్చికలు తీసే అమ్మ గుర్తొచ్చింది
అంటే వినడానికి సొంపుగా ఉంటుంది.
అమ్మ కాదు.
ఆ ఏడో వారం, పంతొమ్మిదో మొక్క గుర్తొచ్చింది.
వానకి దాని మూడో పువ్వు రాలిపోయింది.
పక్క పువ్వులో పద్నాలుగు ఉన్నాయి కదా,
దీన్లోనూ పద్నాలుగే అని వేయబోయి
ఆ గడిలో అడ్డగీత పెట్టాను.
ఎవరొచ్చి చూస్తారు ఆ చేలో,
గట్టు మీది కొంగ తప్ప?

"తీసేయండి" అన్నాను.
"అచ్చు కాలేదు అని కొట్టండి.
కింద మేడం పేరు, ఫోను నంబరు.
పదకొండు వారాలు, పదమూడు వందల పంతొమ్మిది పూలు,
తేడా కనపడలేదు."

ఆయన గోడ మీది క్యాలిక్యులేటరు అందుకున్నాడు.
నలభై మూళ్లు, పదకొండు పెట్టి హెచ్చవేసి
"ఇరవై రావాలే" అన్నాడు.
"కాదండీ. పంతొమ్మిదే."

ఒకటిన్నర లైను పెరిగి
ఆ ముక్క రెండో పేజీలోకి జారింది.
"అక్షరాలు చిన్నవి చేస్తే పట్టుద్ది."
వద్దన్నాను.
పేజీకి పది చొప్పున ఇరవై ఇచ్చి
వేడి ఆరని కాయితాలు తీసుకున్నాను.
రెండోది దాదాపు తెల్లగా ఉంది,
పువ్వు బోర్లించేంత తెల్లగా.