కిటికీలు పూడ్చిన చోటు

వజ్రవేలు మాస్టరు తిరుపతి నుంచి బస్సులో వచ్చి
మా మాధవమాల వసారాలో కూర్చుని
లామినేషన్ చేసిన ఫోటో ఒకటి తీసినాడు.
"ఇది చెక్కగలవా, మునిరత్నాచారీ?"

గరుత్మంతుడికి ఒక జత రెక్కలు.
దీనికి రెండు జతలు, ఒకదాని నెత్తిన ఒకటి,
నడాన గుంజలు, గుంజల నడాన తీగెలు,
పెండ్లి పందిరి లేచి ఎగిరినట్టుండాది.
"ఫ్రెంచోళ్ళది. గోలియత్ అంటారు.
ఒంటి రెక్క మీద అప్పుడు నమ్మకం లేదు,
బరువు మోయాల గదా" అన్నాడు.
ఏం బరువు సామీ అంటే
టీ గ్లాసు కింద పెట్టినాడు.

బాంబులకని గీసినారంట.
చేతికొచ్చేలోపల యుద్ధం అయిపోయింది.
చేసిన పనిని పారేస్తారా ఎవురన్నా?
కిటికీలు కోసి, పేము కుర్చీలేసి
ప్యారిస్ నుంచి లండన్‌కి మనుషుల్ని తిప్పినారు.
నాలుగైదేండ్లకే మళ్ళీ
కిటికీలు పోయినాయి, కడుపు కింద బాంబులొచ్చినాయి.
మొరాకో కొండల్లో ఎవురి కొట్టాల మీద పడినాయో
మాస్టరుకూ పేర్లు తెలీదు.

నా మనసు ఆ వడ్రంగి మీదికి పోయింది.
కోసిందీ వాడే, పూడ్చిందీ వాడేనేమో.
కూలి మాత్రం రెండు తూర్లూ ఒకటే అయ్యుంటాది.

తర్వాత వచ్చిన బ్రెగే అల్యూమినియం ఒళ్ళంట,
కింది రెక్క కురచ.
ఇంకో పదేండ్లకు ఆ కింది రెక్కా లేదు,
దాంతోపాటే వడ్రంగీ లేడు.
అది నాకు విడమర్చి చెప్పబళ్ళేదు.
కాళహస్తి రోడ్డులో కంప్యూటర్ మిషను
రోజుకు నలభై వినాయకుళ్ళను కోస్తా ఉండాది.

ఒంటికి వేగిస, రెక్కలకు టేకు బద్దలు,
తీగెలకు గాలం దారం.
చింతగింజలంత బాంబులు ఆరు అడిగినాడు.
చక్రం, గద, కత్తి, శూలం
ముప్పై ఏండ్లుగా చెక్కిన చెయ్యే ఇది.
ఆరు గింజలకు ఉలి రెండుసార్లు జారింది.

ఆయన అడిగింది కిటికీలు లేంది.
అయినా ముందు కోసినాను, పక్కకు నాలుగు.
రాలిన ముక్కల్తోనే మళ్ళీ పూడ్చి
ఉప్పుకాగితం పట్టి
నల్లాకుపచ్చ రంగు పూసినాను.

మాస్టరు కనిపెట్టలేదు.
ఐదువేలిచ్చి, తువ్వాల్లో బిడ్డను చుట్టినట్టు చుట్టి
రేణిగుంట మీద పోయే బస్సెక్కినాడు.

వేగిస ఎండకు కాస్త ముడుచుకుంటాది.
వచ్చే మే నెలకో, ఆ పై ఏడుకో
ఆయన అద్దాల బీరువాలో
రంగు చీల్చుకుని
పక్కకు నాలుగు చదరాలు తేలతాయి.