సాధారణ వర్షపాతం

తాసిల్ ఆఫీసు ఎనక
తుప్పు వట్టిన జీపుకూ పాయఖానా గోడకూ నడుమ
వానగిన్నె.
పద్నాలుగేండ్ల సంది పొద్దుగాల ఎనిమిదిన్నరకు
దాని గరాటు ఎత్తి చూసేది నేనే.
ఊర్లె నన్ను ఈదమ్మ అనరు,
వానల లెక్కలామె అంటరు.

జూన్ల మూడు దినాలు తడి రాసిన.
జూలైల గిన్నె నిండ ఎర్రచీమలు.
ఆగస్టు పేజీల పైనుంచి కిందికి సున్నలే,
తెంపిన పూసలదండ లెక్క.
పద్మ్యా నాలుగో బోరు ఏసిండు.
మూడువందల యాభై అడుగుల కాడ
దుబ్బ లేసి ఆయన మీసాల మీద కూసున్నది.

సెప్టెంబర్ల ఒక్క రాత్రి.

తెల్లారి సూస్తే లోపటి సీసా నిండి
బయటి డబ్బాలకు పొర్లింది.
కొలగాజుల ఇరవై మిల్లీమీటర్లే పడ్తది.
ముంచిన, పారబోసిన, మళ్ల ముంచిన.
మొదటిదానికి ఒకటి అనాలె.
కల్లంల వడ్లు కొలిసిన నోరు కదా,
లాభం అన్న.
లాభం, రెండు, మూడు...
పన్నెండు కాడ ఆగిన.
అప్పటికే దుందుబి అవతలికెళ్లి ఫోన్లు.

కట్ట తెగిందన్నరు.
కట్ట ఊకెనే తెగదు.
అలుగు మీద వెంచరోళ్లు మొరం పోసి
రంగురాళ్లు పాతిననాడే తెగింది.
తూము షట్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందని
మూడాఫీసులు ఒకదాన్నొకటి అడిగిననాడు
ఇంకింత తెగింది.

మా తాత నీరటి.
ఆయనేం దేవుడు కాదు,
కుంచెడు వడ్లు తక్కువిస్తే నీళ్లు అడ్డం తిప్పేటోడు.
కాని వానరాత్రి గోనెకొప్పు ఏసుకొని
కట్ట మీద బోర్ల పండి చెవి ఆనిచ్చేటోడు.
ఎండ్రికాయ బొరియ
ఎంత లోతుకు పోయిందో వినేటోడు.
ఆ కొలువు ఎత్తేసిండ్రు.
ఆ చెవిని ఎవరికీ అప్పజెప్పలేదు.

నా సెల్లుకు ఆరెంజ్ అలర్ట్ వచ్చింది,
పగటిపూట పదకొండుకు,
పద్మ్యా తుమ్మకంచెల ఇరుక్కున్న మేకల్ని
ఒక్కొక్కటే కాళ్లు పట్టి గుంజుతున్నప్పుడు.
కాజ్‌వే కాడ అంగన్‌వాడీ ఆయమ్మ బుచ్చవ్వ
టిఫిను డబ్బా దొరికింది,
మూత ఊడలేదు.
బుచ్చవ్వ మూడోనాడు దొరికింది.

తర్వాత ట్రాక్టర్ల ఇసుకబస్తాలు దిగినయి.
ఇసుక దుందుబిదే.

నష్టం రాసుకునే పిలగాడు ట్యాబు తెచ్చిండు.
"పత్తి ఎండిందా, మునిగిందా?"
ఎండింది, ఎండినంక మునిగింది, అన్నడు పద్మ్యా.
"రెంట్ల ఒక్కటే నొక్కాలె తాతా."
పద్మ్యా నా దిక్కు సూసిండు.
అన్ని లెక్కలూ నా దగ్గరుంటయని ఆయన నమ్మకం.
నేను జీపు దిక్కు సూసిన.

జిల్లా నుంచి కాయితం వచ్చింది.
ఈ కాలం మండలంల కురిసింది సాధారణం, కరువు లేదు.
ఆగస్టు సున్నలను ఆ ఒక్క రాత్రితోని కలిపి
నెలలన్నిటికీ సమంగ పంచిండ్రు.
కూడికల తప్పు లేదు.
దీపం పెట్టుకొని రెండుసార్లు చేసి సూసిన.
అంకెలన్నీ నా చేతిరాతే.

ఇయ్యాల ఎనిమిదిన్నరకు గరాటు ఎత్తిన.
తడి లేదు.
సీసా అడుగుకు పత్తిపీచు ఒకటి
అంటుకొని ఉన్నది, ఏ చేనుదో.
కొలగాజుల పట్టేది కాదు అది.
తియ్యబుద్ధి కాలేదు.
గరాటు పెట్టేసి
సున్న రాసిన.