గాలి లెక్క

పొద్దుగాల ఆరింటికి నీళ్లు నిద్రల ఉంటయి.
అప్పుడు గాలి సంగతి అడగొద్దు.
ఏడున్నరకు సోమశిల రేవు మెట్ల కాడ పాచి కదుల్తది,
తొమ్మిదికి నా కొప్పుల వెంట్రుకలు మాటినవు.
పదింటికి అమరగిరి దిక్కుకెంచి నీళ్ల మీద
నల్లటి మరక ఒకటి ఉరుక్కుంట వస్తది.
గదీ గాలి. రంగున్న గాలి.

పుష్యమి కార్తెల ఇట్లుంటది.
ఆశ్లేషల ఆగి ఆగి తంతది.
మఖల అది తిరుగుబోతు, దాన్ని నమ్మొద్దు.

ఇయ్యన్నీ చెప్తుంటే ఆ పిలగాడు
చేతుల బుల్లి చక్రం పట్టుకొని
పద్దెనిమిది అన్నడు, పంతొమ్మిది అన్నడు.
ఏంది బిడ్డా, కిలోలా?
నాట్లు అన్నడు.
నాట్లు నాకు తెల్వదా,
మోకాలు లోతు బురదల వంగి ఏసేటియి!
వాడు నవ్వి నవ్వి పుట్టి అంచు మీద కూలబడ్డడు.

పేరడిగితే శ్రీశైలం అన్నడు.
మా పాత ఊరిని ముంచిన డ్యాం పేరు.
సరే, వాడేం జేస్తడు, పెట్టినోళ్లు పెట్టిండ్రు.
వీపనగండ్లోడు. రామేశ్వరం కాడ రెండేండ్లు
టూరిస్టోళ్లకు ఈ పెద్ద పటాలు కట్టిచ్చిండంట.
ఆడ సముద్రం పక్కన ఇంకో సముద్రం ఉంటదంట,
చిన్నది, నెమ్మదస్తురాలు,
నడుం లోతు, అడుగున మెత్తటి ఇసుక,
పడ్డోడు లేచి నిలబడి మొకం తుడుసుకోవచ్చంట.
గాలి సర్కారు బడి గంట లెక్క కాదంట,
టైముకే వస్తదంట, నెలల తరబడి.

బిడ్డా, ఈడ పడితే కాలు ఆనదు.
అగో, ఆ కొంగ కూసున్న కొన చింతచెట్టుది.
దానికి ఇవతల ఇరవై బారల్ల మా పిండిగిర్ని,
గోడలింకా ఉన్నయి, వలలు చింపుతయి.
గుట్ట చాటుకు పోతే గాలి సచ్చిపోతది,
మూల తిరుగంగనే చెంప మీద కొడ్తది.
ఎర్ర డబ్బాలు తేలే కాడికి అసలే పోకు,
అయి బుగ్గరాములు వలలు.
బుగ్గరాములు నోరు గాలి కన్న చెడ్డది.

అన్నీ ఇన్నడు.
అన్నిట్ల పడ్డడు.

తడిసిన కోడిపుంజు లెక్క ఆ పసుపుపచ్చ పటం,
దాని ఎనుక వాడు, వాని ఎనుక పలక.
పొద్దు నెత్తి మీదికి రాకముందే
మూడుసార్లు పుట్టేసుకొని పోయిన, సారికి యాభై.
నాలుగోసారికి పైసలు లేవన్నడు.
అయితే ఆ తాడు నాకియ్యి అన్న.

నడుముకు పట్టా బిగించి, కొక్కెం తగిలించి,
చేతులకు కట్టె ఇచ్చిండు.
మడిమలు తొక్కిపట్టు అవ్వా అన్నడు.

నలభై ఏండ్ల సంది గాలం ఏస్తున్న.
కిందికే చూసిన, కిందికెంచే గుంజిన.
ఇయ్యాల మీద చేప పడ్డది.
బొచ్చె కాదు, రవ్వ కాదు,
వాలుగైతే ఇంత నిమ్మళంగ గుంజదు, కక్కుర్తిగ గుంజుతది.
ఇది మొగులంత ఒళ్లు మలుపుకొని
కుడికి ఉరికింది, నన్నూ కుడికి తీసుకపోయింది.
వదులు వదులు అని వాడు ఒర్లుతున్నడు.
ఓరి, చేపను అలవనియ్యాలని నాకు చెప్తవా!
తాడు ఇచ్చిన. గుంజుకున్న. మళ్ల ఇచ్చిన.
నా మడిమలు ఇసుకల రెండు నాగటి సాళ్లు తీసినయి.
బజ్జీల బండి సువార్తమ్మ
కాగుతున్న నూనె ఇడిసిపెట్టి నిలబడ్డది.

మాపటికి గాలి కూలీ లెక్క దిగిపోయింది.
అరచేతులు మండుతుంటే మొకం కాడికి తెచ్చుకున్న.
అంత పెద్దది పట్టిన చేతులకు
నీసు వాసన లేదు.

వాడు పటం మడిచి ఇసుక దులుపుతున్నడు.
రేపెట్లుంటదవ్వా అని అడిగిండు,
చక్రం సంచిల నుంచి తియ్యనే లేదు.
పదింటికి రమ్మన్న.
ఆశ్లేష సొచ్చినంక యాభై కాదు, వంద అని కూడ చెప్పిన.