పట్టూ విడుపూ

రాత్రి రెండింటికి ట్యాంకరు మూత తిప్పుతాను.
మైనస్ ఇరవై రెండు.
నేలకి తగిలీ తగలకముందే
నీళ్లు తాము నీళ్లన్న సంగతి మరిచిపోతాయి.
తెల్లారేసరికి ఎవరి కాలూ నిలవని
ఒక నల్లటి పలక.
కుహ్మో ఊరి బయట, జారుడు మైదానంలో
పన్నెండేళ్లుగా నా కొలువు ఇదే,
నేల మీద నమ్మకం లేకుండా చేయడం.

పొద్దున్నే రాకెల్ వస్తుంది
పాత సుబారు తాళాలు గలగలలాడిస్తూ.
నాలుగు చక్రాలూ లాగే బండి అది.
"మొండిఘటం," అంటుంది, "ఊరికే తిరగదు.
తొందరపడి తొక్కావా
మేకపోతులా ముక్కు బయటికి పెట్టి పోతుంది."

ఆ గురువారం వచ్చినవాడు ఓయివా.
ముప్పై ఎనిమిదేళ్లు తపాలా బండి తోలినవాడు,
అడవి దారుల్లో, పగలు లేని నెలల్లో.
ఒక్కసారీ చక్రం జారలేదట.
ఆ మాట అతను అనలేదు,
స్టీరింగ్ మీద అతని పిడికిళ్లు అన్నాయి.
కొలువు దిగడానికి మూడు నెలలుందనగా
పై ఆఫీసు పంపింది:
కొత్త బళ్లకి కొత్త కాగితం కావాలట.

రేడియోలో రాకెల్ గొంతు:
"నలభైకి రా. కుడికి ఒక్క విదిలింపు.
ఇప్పుడు ఎడమకి. గ్యాస్ వదులు.
ఆగు.
ఇంకా ఆగు.
వెనక భాగం తేలికవుతుంది, నీ నడుముకి తెలుస్తుంది.
అప్పుడు తొక్కు, నాలుగూ కలిసి గోకాలి."

అతను ఆగలేదు. బ్రేకు తొక్కాడు.
బండి బుద్ధిగా తిన్నగా పోయి
మంచుగట్టుకి నుదురు ఆనించింది.
రెండోసారీ అంతే.
నాలుగోసారీ.
తొమ్మిదోసారికి నేను లెక్క మానేసి
ఫ్లాస్కు మూత తీశాను.

మధ్యాహ్నం బఠానీ సూపు.
ఓయివా చెంచా పక్కన పెట్టి నన్ను అడిగాడు,
"ఇవాళ నీళ్లు ఎక్కువ పోశావా?"
"అందరికీ ఒక్కటే పోస్తాను."
చాలాసేపటికి, గిన్నెతో చెబుతున్నట్టు,
"జారకుండా ఉండడమే వచ్చు నాకు.
ఇంకేం రాదు."
రాకెల్ ఆవాల ముద్ద అతని వైపు జరిపింది.
ఓదార్పంటే ఆమెకి అంతే.

మూడు కాకముందే పొద్దు గుంకింది.
చలికి రేడియో బ్యాటరీ చచ్చిపోయింది.
రాకెల్ చేతులూపుతోంది, ఆగిపొమ్మని.
అతను చూళ్లేదు.
కుడికి విదిలించాడు. ఎడమకి తిప్పాడు. కాలెత్తాడు.

ఇక చెవిలో ఎవరూ లేరు,
తొక్కు అనడానికి, వద్దు అనడానికి.
ఆ ఖాళీలో మొదటిసారి ఆగాడు.

తోక కదిలింది.
ముందు సిగ్గుగా, తర్వాత సిగ్గు విడిచి.
అప్పుడు తొక్కాడు.
నాలుగు చక్రాలూ మంచుని చీరుతూ అరిచాయి.
లైట్లు మైదానమంతా ఊడ్చుకుంటూ పోయాయి,
పైన్ చెట్లు, షెడ్డు, నేను,
పైన్ చెట్లు, షెడ్డు, నేను,
నా చేతిలో కాఫీ ఆవిరి ప్రతిసారీ ఒకసారి వెలిగి.
స్టీరింగ్ దాదాపు తిన్నగానే ఉంది.
తిప్పుతున్నది పాదం.
కాస్త పెంచితే వలయం పెద్దదవుతుంది,
కాస్త తగ్గిస్తే ముక్కు లోపలికి ఒదుగుతుంది.
బొంగరం నిద్రపోవడం చూశారా?
అంత వేగంలో అంత నిశ్చలంగా ఉండే ఆ క్షణం,
అదిగో, అద్దం వెనక అతని ముఖం అలా ఉంది.
పిడికిళ్లు విచ్చుకున్నాయి.
పట్టు పోయాక కూడా
ఏదో ఒక పట్టు మిగిలే ఉంటుందని
అరచేతులకి ఆలస్యంగా తెలిసినట్టు.

బండి ఆపి తలుపు తెరిచాడు.
రెండడుగులు వేశాడు.
మూడోదానికి దబ్బున కూలబడి
అక్కడే కూర్చుని నవ్వాడు,
టోపీ ఎటో దొర్లిపోతుంటే.
రాకెల్ కాగితం మీద సంతకం పెట్టింది,
పెన్నులో సిరా గడ్డకట్టి రెండుసార్లు.

రాత్రి రెండింటికి మళ్లీ నేను.
ట్యాంకరు లైటులో అతని రోజంతా పరిచి ఉంది.
గట్టు దాకా తిన్నటి గీతలు, ఒక్కోదాని చివర ఒక్కో సొట్ట.
నడుమ ఒకే ఒక్క వలయం,
గుండ్రం కూడా కాదు, కోడిగుడ్డులా.

మూత తిప్పాను.
ముందు గీతల మీద పోశాను.
గుడ్డుని ఆఖరికి ఉంచాను.