ఖాళీ వదలరాదు

పుట్టినవాడు గిట్టక తప్పదంటారు.
మా ఆఫీసులో అది తిరగబడుతుంది:
గిట్టాలంటే ముందు పుట్టి ఉండాలి,
పుస్తకంలో, నల్ల సిరాతో, అక్షరాల్లోనూ అంకెల్లోనూ.

అయకూచో కొండల మీద, వారానికి రెండుసార్లు
బస్సు వచ్చే ఊళ్ళో నేను రిజిస్ట్రారుని.
నాకు ముందున్న పుస్తకాలన్నీ ఎనభై మూడులో కాలిపోయాయి.
ఎవరు కాల్చారని ఇక్కడెవరూ అడగరు.
ఆ రాత్రి ఎగిరిన మసి బంగాళదుంప చేల మీద రాలిందనీ
ఆ ఏడు దుంపలు బాగా ఊరాయనీ మాత్రం చెబుతారు.
నేనూ కాలిన పేజీవాణ్ణే.
నా పుట్టుక నేనే రాసుకోకూడదు గనక
పక్క ఊరి గుమాస్తా రాశాడు, ఒక అక్షరం తప్పుతో.
ఆ తప్పే ఇప్పుడు నా పిల్లల ఇంటిపేరు.

ఎపిఫానియా యావ్రి మొదటిసారి వచ్చినప్పుడు
టోపీ తీసి బల్ల మీద పెట్టి
"నా మొగుడు పోయాడు, రాసుకో" అంది.
లెయాంద్రో సుల్కా. గొర్రెల కాపరి. ఊపిరితిత్తులు.
వైవాహిక స్థితి అన్న గడి దగ్గర నా కలం ఆగింది.
పెళ్ళి కాలిపోయింది కదా.
పెళ్ళి మళ్ళీ రాయాలంటే పెళ్ళికూతురు కావాలి,
పెళ్ళికూతురూ కాలిపోయింది.

"ఎదురుగా కూర్చున్నాను, కనబడటం లేదా?"
నాకు కనబడుతున్నావమ్మా. చట్టానికి చూపు ఆనదు,
కాగితం కళ్ళ దగ్గరగా పెట్టాలి.

ఇద్దరు సాక్షులు కావాలన్నాను. తెచ్చింది.
ఇద్దరూ ఆమెకంటే చిన్నవాళ్ళే.
ఆమె పుట్టుక చూసిన కళ్ళు
ఈ లోయలో ఒక్క జతా మిగల్లేదు.
పుట్టిన తేదీ?
"మంచు కొట్టి మూడు చేలు నల్లబడిన రోజు.
మా మేనమామ లామా ఈనింది. ఆడది. చెవి మీద తెల్ల మచ్చ."
లామా పుట్టుమచ్చతో సహా రాసుకున్నాను,
తర్వాత కొట్టేశాను.

పదకొండు నెలలు పట్టింది.
కోర్టు నుంచి మూడు తీర్పులూ ఒకే కవరులో
కోడిగుడ్ల బుట్టతో పాటు బస్సు దిగాయి.
ఆ మధ్యాహ్నం జననాల పుస్తకంలో ఎపిఫానియా పుట్టింది.
సిరా ఆరకముందే ఇంకో పుస్తకంలో పెళ్ళయింది.
చదవడం రాదు, అయినా వంగి చూసింది,
"అతని పేరేది?" అని వేలు పెట్టి చూపించమంది.
"ఇంతేనా? మనిషి పొడుగు" అంది.
మూడో పుస్తకంలో వితంతువయింది.
అంతా కలిపి గంటన్నర. మధ్యలో ఒకసారి టీ కాచాను.

లేవబోయి మళ్ళీ కూర్చుంది.
"ఇంకొకతె ఉంది."
తొమ్మిది రోజులు బతికింది.
డాక్టరు చీటీ? లేదు.
సాక్షి? "అతనే."
అతన్ని ఇప్పుడే కదా రాసి మూశాం.
పేరు?
"పుట్టువెంట్రుకలు తీసేనాడు కదా పేరు పెట్టేది.
దానికి తీయడానికి సరిపడా వెంట్రుకలే రాలేదు."

పేరు లేకుండా రాయడానికి వీల్లేదు.
చట్టం మొరటుది అనేసి ఊరుకోవచ్చు,
కానీ ఆ కలం పట్టుకున్నది నేను.
చెయ్యి కదల్లేదు.

ఆమె పుట్టిన పేజీ అడుగున
నాలుగు వేళ్ళ జాగా మిగిలింది.
ఖాళీ వదలరాదు. తర్వాతెవరైనా
లేనివాళ్ళని జొప్పిస్తారని భయం.
మూల నుంచి మూలకి అడ్డగీత కొట్టాను.
"అదేమిటి?"
ఇక్కడెవరూ లేరని గుర్తు, అన్నాను.

ఆమె బొటనవేలికి సిరా ఇంకా తుడుచుకోలేదు.

మార్చిలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు.
మోకాలి నొప్పి, కొండ గాలి పడదు, ప్రతి పేజీకీ ఒక దగ్గు.
అక్కడ ఆగి పెన్సిలుతో చుట్టాడు:
రద్దు చేసిన జాగాలో ఈ వేలిముద్ర ఎవరిది?
వివరణ రాయమన్నాడు.
రాశాను: తల్లిది.
ఏ తల్లి, ఎవరి తల్లి అంటాడని చూశాను.
బస్సు హారన్ కొట్టింది.
సంతకం పెట్టేసి గొడుగు కోసం వెతుక్కున్నాడు.