మొదళ్ళు రోడ్డు వైపు

మంగళవారం రాత్రి పద్దెనిమిది నిమిషాలు.
గాలి తన పని ముగించుకుని ఇండియానా దాటిపోయింది.
మా పని
బుధవారం పొద్దున్న ఆరున్నరకి మొదలైంది.

ఇల్లినాయ్‌లో పెల్హామ్ గ్రోవ్ అనే ఊరు,
దాని పబ్లిక్ వర్క్స్ ఆఫీసు:
ఒక గది, రెండు లారీలు, కొమ్మలు నమిలే యంత్రం ఒకటి,
మూడు ఫోను లైన్లకి నేనొక్కదాన్ని.
"హైమ మాట్లాడుతున్నా" అంటే
హాయ్ అన్నాననుకుని అవతలివాళ్ళూ హాయ్ అంటారు.
తర్వాత తిడతారు, లేదా ఏడుస్తారు.

చెప్పిందే చెబుతాను:
కాలిబాటకీ రోడ్డుకీ నడుమ గడ్డి మీద పెట్టండి.
తీగతో కట్టొద్దు, సంచుల్లో కుక్కొద్దు.
కరెంటు తీగ తగిలిన కొమ్మ జోలికి
మీరూ పోవద్దు, మేమూ రాం.
మొదళ్ళన్నీ రోడ్డు వైపు, చివర్లు ఇంటి వైపు.

నలభయ్యోసారి చెబుతుంటే
ఆ మాట నాకే వింతగా వినిపించింది.
మొదలు రోడ్డు మీద, చివర ఇంటి దగ్గర.
తెలుగులో అనుకుంటే అదో తత్వం.
ఇంగ్లీషులో
యంత్రానికి అన్నం ఎటునుంచి పెట్టాలో, అంతే.

ఎల్మ్ వీధి నుంచి ఒకాయన:
పక్కింటి కొమ్మ నా కారు మీద పడింది, అదిప్పుడు ఎవరిది?
పడేదాకా వాళ్ళది, పడ్డాక మీది, అన్నాను.
(ఎల్మ్ వీధిలో ఎల్మ్ చెట్టు ఒక్కటీ లేదు.
అరవయ్యేళ్ళ కిందట తెగులొచ్చి పోయాయట.
పేరు పలక మాత్రం ఈ గాలికి కూడా ఊడలేదు.)
ఒక పిల్లాడు: మా ట్రాంపొలీన్ మీకు దొరికిందా?
దొరికింది నాన్నా. చర్చి కప్పు మీద.

మా మేస్త్రి రోస్కో టిల్మన్, చెట్టంత మనిషి,
మధ్యాహ్నం లోపలికొస్తే మీసాల నిండా రంపప్పొట్టు.
నిలబడే తిన్నాడు.
"నా కాఫీకి ఏడు చెట్ల రుచి" అన్నాడు.

శుక్రవారం, ఐదుకి పది నిమిషాలు తక్కువ.
క్విన్సీ వీధి, నూట పన్నెండు, గెర్ట్రూడ్ హోల్బెక్.
"మీ లారీ మా ఇంటి ముందు ఆగింది,
ఆలోచించింది, వెళ్ళిపోయింది."
రూలు తీశాను. వీధికి ఒక్క విడతే, మిగిలితే సోమవారం.
మనుషులు ఆవరణలోకి అడుగు పెట్టరాదు.
చదివి వినిపించాను.
ఆవిడ ఏమీ అనలేదు, ఊపిరి వినబడింది.

అది నా దారి కాదు.
అయినా కారు అటే తిరిగింది.
గుట్ట బాగానే ఉంది,
ఎనభై నాలుగేళ్ళ చేతులు మూడ్రోజులు లాగిన గుట్ట.
కాకపోతే తారుమారు:
ఆకులు రోడ్డు మీదికి, తెగిన మొదళ్ళు ఇంటి వైపు.

"ఆకులింకా పచ్చగానే ఉన్నాయి కదా" అంది మెట్టు మీంచి,
"దారినపోయేవాళ్ళకి ఆ తెగిన మొహాలెందుకని."

దానికి నా దగ్గర రూలు లేదు.

ఆఫీసు బూట్లతోనే ఒక్కో కొమ్మా తిప్పాను.
చేతులకి జిగురు. ఒక పంగలో ఖాళీ గూడు,
గూట్లో అల్లుకుపోయిన నారింజ రంగు ప్లాస్టిక్ పీలిక,
మా శాఖ రోడ్డుకి అడ్డం కట్టేదే.
ఆవిడ టార్చి పట్టింది. వీధికింకా కరెంటు రాలేదు.
మాటల్లేవు. ఒక్కసారి మాత్రం, చిన్న కొమ్మ దగ్గర,
"అది వదిలెయ్" అంది.
వదిలేశాను.

సోమవారం యంత్రం వచ్చింది.
మొదలు అందుకుని చివరిదాకా నమిలింది.
నలభై సెకన్లు పట్టిందని ఎమిలియానో చెప్పాడు.
నేను అడగలేదు.

ఇప్పుడు అక్టోబరు.
నీళ్ళ టాంకు వెనక ఊరి చెట్లన్నీ ఒకే కుప్ప.
చలి పొద్దున్న దాన్నుంచి ఆవిరి లేస్తుంది,
లోపల ఇంకా ఏదో ఉడుకుతున్నట్టు.
గులాబీల మొదట్లో వేసుకోడానికి
జనం తవ్వుకుపోతున్నారు.

ఫోను మోగింది. హాయ్. హాయ్.
"రెండు బకెట్లు చాలు నాకు.
అందులో మా మేపుల్ ఏదో తెలుస్తుందా?"

తెలీదండీ. ఎవరిదేదో మేం రాసుకోలేదు.
గేటు ఏడింటికి తీస్తాం.
పార మీరే తెచ్చుకోవాలి.